ఎర్ర సిరా పడని వరస

బ్యాంకు తలుపులు పదింటికి తెరుస్తారు. ఆ సోమవారం ఆయన తొమ్మిది నలభైకల్లా మెట్ల మీద ఉన్నాడు. చంకలో అట్ట ఫైలు, జేబులో కళ్ళజోడు, చేతికి ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్న వాచీ. లోపలి నుంచి కాపలా మనిషి ఇంకా టైం కాలేదన్నట్టు పది వేళ్ళూ చూపించాడు. ఆయన హాల్లోని గోడ గడియారం వైపు చూసి, "అది రెండు నిమిషాలు వెనక నడుస్తోంది" అన్నాడు. అద్దం తలుపు దాటి ఆ మాట లోపలికి వెళ్ళలేదు.

నూలు మిల్లు టైమాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి. గేటు పక్కన చిన్న గది, దానికొక కిటికీ. పనివాళ్ళు ఒక్కొక్కరూ తమ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఆ కిటికీలో వేసి లోపలికి వెళ్ళాలి. సైరన్ ఆగాక పడిన బిళ్ళకు రిజిస్టరులో ఎర్ర గీత. మిల్లులో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ గడియారం గారే. రిటైరై పదకొండేళ్ళయింది, మిల్లు మూతబడి ఆరేళ్ళయింది, ఆ పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ రిజిస్టరుకో పద్ధతి ఉండేది. వేళకు వచ్చినవాడి గడిలో ఏమీ రాయరు. రాసేది ఆలస్యంగా వచ్చినవాడికీ, అసలు రానివాడికీ మాత్రమే. ఏడాది చివర మేనేజరు రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పేవాడు. ఎవరి వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉంటే, వాళ్ళని పిలిచి అందరి ముందూ ఒక ఉన్ని దుప్పటి చేతిలో పెట్టేవాడు. నాలుగు వందల మందిలో అలాంటి వరసలు ఐదో ఆరో ఉండేవి. ముప్ఫై ఎనిమిదేళ్ళ పాటు గడియారం గారి కంటికి ఖాళీ గడిని మించిన మెప్పు మరొకటి లేదు. ఇది గుర్తుంచుకుంటే, ఆ రోజు బ్యాంకులో ఆయన చేసిన పొరపాటు అర్థమవుతుంది.

ఆయన వచ్చింది క్రెడిట్ కార్డు కోసం. కార్డు కావాల్సింది మంచం కోసం.

నెల కిందట ఆయన భార్య స్నానాల గది గడప దగ్గర పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. దాచుకున్నదంతా దానికే సరిపోయింది. ఆమె ఊపిరితిత్తులు ముందు నుంచీ అంతంతమాత్రం. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. తల వైపు పైకి లేచే మంచం ఇంట్లో ఉంటేనే పంపిస్తాననీ, లేకపోతే వార్డులోనే ఉంచమనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఉన్నది మోకాలెత్తు చెక్క మంచం. కొత్తది కొనాలంటే పదకొండు నెలల పెన్షను కావాలి. అద్దెకిచ్చే షాపు ఒకటుంది గానీ, ఆ షాపాయన పూచీకింద క్రెడిట్ కార్డు తప్ప ఇంకేదీ తీసుకోడు.

"రొక్కం ఇస్తానయ్యా. మూడు నెలల అద్దె ముందే కడతాను" అన్నాడు గడియారం గారు.

"మీరు మంచివారేనండీ. మీలాంటి మంచివారే ఒకాయన మంచం తీసుకుని ఇల్లు మార్చేశాడు. కార్డైతే నాకు బెంగ ఉండదు. మనిషి కనబడకపోయినా కార్డు కనబడుతుంది" అన్నాడు షాపాయన.

పిల్లల్లేరు. అడగడానికి ఇంకో చెయ్యి లేదు. పైగా ఆయన ఎన్నడూ ఎవరి దగ్గరా చెయ్యి చాచినవాడు కాదు.

బ్యాంకులో కౌంటరు అమ్మాయి కాగితాలు తిరగేసి, కంప్యూటరులో ఏవో కొట్టింది.

"ఇదివరకు ఎక్కడైనా లోను తీసుకున్నారా అంకుల్?"

"లేదమ్మా."

"ఫ్రిజ్జు, టీవీ... వాయిదాల మీద?"

"మా ఇంట్లోకి ముందు డబ్బొచ్చేది, తర్వాతే వస్తువొచ్చేది. మా ఆవిడ కుట్టు మిషను కోసం పంతొమ్మిది నెలలు కూడబెట్టాను. వాయిదాలిస్తానని షాపువాడు కాళ్ళావేళ్ళా పడ్డాడు, తెలుసా?"

అమ్మాయి నవ్వి, తెర ఆయన వైపు తిప్పింది. "చూడండి, మీ పేరు మీద మొత్తం ఖాళీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. అడ్డంగా నెలలు, నిలువుగా సంవత్సరాలు. ఎంత దూరం చూసినా గడులు తెల్లగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. తన వరస తనే అలా చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి. టైమాఫీసు గుమాస్తాకు రిజిస్టరులో వరస ఉండదు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

"చాలమ్మా. ఇంక నువ్వేం చెప్పక్కర్లేదు" అన్నాడు.

"పైకి పంపిస్తాను అంకుల్. వాళ్ళు చూసి ఉత్తరం రాస్తారు. వారం పది రోజులు పట్టొచ్చు. ఈలోగా వేరే దారి ఏదైనా ఉంటే కూడా చూసుకోండి."

చివరి మాట ఆమె కొంచెం మెల్లగా అంది. ఆయన అప్పటికే ఫైలు తాడు ముడివేసుకుంటున్నాడు.

సాయంత్రం నాలుగింటికి వార్డులోకి మనుషుల్ని వదులుతారు. నాలుగు కొట్టేసరికి ఆయన ఆమె మంచం పక్కన ఉన్నాడు.

"అయిపోయింది. కార్డు వచ్చేస్తుంది. నా వరసంతా చూపించారు. ఒక్క మరక లేదు."

"మీకు మరకెక్కడ నుంచి వస్తుంది? మరక పడుతుందని భయపడి నలభై ఏళ్ళుగా తెల్ల చొక్కా మీద టీ కూడా తాగలేదు" అంది ఆమె. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఎప్పుడు తీసుకెళ్తారు?"

"వారం. మహా అయితే పది రోజులు."

"ఎదురు లాండ్రీలో కొత్తగా చేరిన పిల్ల ఇంకా ఉందా? ఇస్త్రీ పెట్టె బట్ట మీదే వదిలేసి ఫోను మాట్లాడుతుంది. దాని పని ఏమైందో చూడాలి నేను."

వాళ్ళ ముందు గది కిటికీలోంచి ఆ లాండ్రీ కనబడుతుంది. ఆమె ఇరవై ఏడేళ్ళు ఆ కిటికీ పక్కనే కూర్చుని, రెడీమేడ్ బట్టల కంపెనీకి చొక్కాల గుండీలు కుట్టింది. చేతులు పని చేసేవి, కళ్ళు వీధిలో ఉండేవి. వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో ఆయనకు కూడా ఆమె చెబితేనే తెలిసేది.

ఆయన రోజులు లెక్క పెట్టుకున్నాడు. చెక్క మంచం విప్పి గోడకు ఆనించాడు. ఆమె కుట్టు డబ్బాలోంచి టేపు తీసి ముందు గది కొలిచాడు. తల వైపు పైకి లేస్తే కిటికీ కనబడేలా ఎక్కడ వేయాలో నేల మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాడు. షాపుకెళ్ళి, తల వైపు లేపే తిప్పుడు చెయ్యి గట్టిగా ఉన్న మంచం ఒకటి చూసి, "ఇది నాకు పక్కన పెట్టండి" అన్నాడు. వేరే దారి ఏదీ వెతకలేదు. వెతకాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచలేదు.

ఐదో రోజు ఆమెకు దగ్గు మొదలైంది. పక్క మంచం ముసలామె నుంచి అంటుకుని ఉంటుందని నర్సు అంది.

ఎనిమిదో రోజు మంగళవారం ఉత్తరం వచ్చింది. పల్చటి కవరు. కార్డు ఇంత పల్చగా ఉంటుందా అనుకుంటూ చింపాడు. మూడు వాక్యాలున్నాయి. ఋణ చరిత్ర లేనందువల్లా, జీతం రూపంలో ఆదాయం లేనందువల్లా, వయోపరిమితి వల్లా దరఖాస్తును ఆమోదించలేకపోతున్నామని చింతిస్తున్నారు. ఆయన ఉత్తరాన్ని తిప్పి వెనక చూశాడు. వెనక ఖాళీ.

బ్యాంకుకు నడిచి వెళ్ళాడు. అమ్మాయి ఆయన్ని చూడగానే లేచి నిలబడింది.

"ఆ రోజు నువ్వే చూపించావు కదమ్మా. ఒక్క గీత లేదు కదా?"

"అదే అంకుల్ సమస్య. మీరెప్పుడూ అప్పు చేయలేదు. చేస్తే తీరుస్తారో లేదో మాకెలా తెలుస్తుంది?"

"చేయనివాడు ఎగ్గొడతాడా?"

"ఎగ్గొడతారని కాదండీ. తెలీదు అంతే. ఖాళీ అంటే... మీరు లేనట్టే లెక్క."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు ఖాళీ గడి చూసి మంచివాడని లెక్కగట్టానమ్మా నేను."

ఆమె పక్క కౌంటరు వైపు చూసింది. "ఆ రోజే విడమరిచి చెప్పాల్సింది అంకుల్. మీరు చాలా సంతోషంగా ఉన్నారు" అంది. ఇంకో మాట కూడా అంది: పెన్షనుదారులు నెలకు పదిమంది వస్తారనీ, పదిమందికీ ఇదే ఉత్తరమనీ. అది ఓదార్పు అనుకుంది.

"దరఖాస్తులో కారణం రాసే చోటు ఉందా? మంచం కోసమని?"

"అలాంటి గడి లేదు అంకుల్."

సాయంత్రం వార్డులో ఆమెకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాడు. ఆమె ఆయన మొహం చూసింది. నలభై నాలుగేళ్ళుగా చదువుతున్న మొహం.

"ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు."

చాలాసేపు దగ్గింది. తర్వాత నవ్వింది. "ఆ రోజు నేను చెప్పినట్టు వాయిదాల మీద మిషను కొనుంటే, ఇవాళ మంచం వచ్చేది."

ఆయన నవ్వలేకపోయాడు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

మర్నాడు పొద్దున పార్కుకు వెళ్ళాడు. మిల్లు రిటైరువాళ్ళు అక్కడ ఒక సిమెంటు బెంచీని సొంతం చేసుకున్నారు. ఆ రోజు ముగ్గురున్నారు: బాయిలరు మేస్త్రీ, స్టోరు గుమాస్తా, గేటు దగ్గర కాపలా ఉండిన పెద్దాయన. సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"నాకు మూడు బ్యాంకులు లేదన్నాయి. ఒకడైతే మీ నాన్నగారి సంతకం తెమ్మన్నట్టే మాట్లాడాడు" అన్నాడు మేస్త్రీ.

"నీకెందుకయ్యా కార్డు?" అన్నాడు స్టోరు గుమాస్తా.

"ఉంటే అల్లుడి ముందు తీసి చూపిద్దామని."

"మంచం కింద ఇటుకలు పెట్టు గడియారం. ఎత్తవుతుంది" అన్నాడు కాపలా పెద్దాయన.

"ఎత్తు కాదన్నా. సగం లేవాలి."

స్టోరు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "మన మిల్లులో కార్డున్నవాడు ఒక్కడే. అడుగుతావో లేదో మరి."

"ఎవరు?"

"లేటు."

గడియారం గారికి తల కొట్టేసినట్టయింది.

లేటు అనే పేరు పెట్టింది మిల్లంతా అయినా, పెట్టించింది ఆయన ఎర్ర సిరా. స్పిన్నింగు విభాగంలో కుర్రాడిగా చేరినప్పటి నుంచీ ఆ మనిషి వరస కోళ్ళు తొక్కిన ముగ్గులా ఉండేది. ఐదు ఎర్ర గీతలు పడితే ఆ పూట గేటు బయటే, సగం రోజు జీతం కోత; ఏడాదిలో అలాంటి కోతలు మూడైతే బోనసు పోతుంది. ఒక ఏడాది చివరి నెలలో మూడో కోత పడింది. నాలుగు నిమిషాలు. "ఒక్కసారికి వదిలేయండి గడియారం గారూ, ఈసారి బోనసు మీద చాలా ఆశ పెట్టుకున్నాను" అని కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. "రిజిస్టరులో కారణానికి గడి లేదు" అని ఆయన గీత గీశాడు. ఆ తర్వాత రెండేళ్ళకు లేటు మిల్లు వదిలేసి ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు.

ఆ షాపు ముందు గడియారం గారు రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. మూడోసారి లోపలి నుంచే పిలుపు వచ్చింది.

"రండి రండి. నా గుమ్మంలోకి గడియారం గారు! ఎన్ని నిమిషాలు లేటయ్యాను ఇవాళ?"

"నీతో పనుంది."

"నాతోనా? ఇంక నా దగ్గర కోయడానికేం మిగల్లేదండీ." అంటూనే విప్పిన ఫ్యాను పక్కకు జరిపి, స్టూలు గుడ్డతో తుడిచి ముందుకు లాగాడు. డెబ్బైకి దగ్గర పడుతున్నాడు. తల నెరిసింది గానీ నోరు నెరవలేదు.

గడియారం గారు నిలబడే చెప్పాడు. పడిపోవడం, మంచం, ఖాళీ గడులు, ఉత్తరం. అరగంట పట్టాల్సింది ఐదు నిమిషాల్లో అయిపోయింది. లేటు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. సొరుగులోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీశాడు. మూడు కార్డులు.

"దీని అప్పు అది తీరుస్తుంది, దాని అప్పు ఇది తీరుస్తుంది. ప్రతి నెలా ఆలస్యం రుసుము కడతాను. బ్యాంకువాళ్ళకు నేనంటే ప్రాణం. పుట్టినరోజుకు మెసేజీ కూడా పెడతారు." నవ్వాడు. "నా వరస నిండా గీతలే కదండీ. అవి చూసే ఇచ్చారు."

"అద్దె నేనే కడతాను. ముందే కడతాను. నీ కార్డు పూచీకి మాత్రమే."

"కట్టకపోతే?"

గడియారం గారి చెయ్యి వాచీ మీదకు వెళ్ళింది.

"ఊరికే అన్నాను లెండి. ఇన్నాళ్ళకు నాకూ ఒక ఛాన్సొచ్చింది." లేటు గొంతు తగ్గింది. "అమ్మగారు బాగా తెలుసు నాకు. ఒకసారి మీకు కేరేజీ తెచ్చినప్పుడు, గేటు బయట ఎండలో నన్ను చూసి మంచినీళ్ళిచ్చారు. మీరు లోపలికి రానివ్వని రోజే. రేపు తొమ్మిదిన్నరకు షాపు దగ్గరుంటాను."

గడియారం గారు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ రోజు ఆ నాలుగు నిమిషాలు... ఎందుకయింది?"

లేటుకు ఏ రోజో చెప్పక్కర్లేకపోయింది. "చెప్పు తెగిందండీ. అంతే. చేత్తో పట్టుకుని పరిగెత్తాను. నాలుగు నిమిషాలు పట్టింది."

గురువారం గడియారం గారు తొమ్మిది పదికి అద్దె షాపు చేరాడు. లేటు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"ఇరవై ఐదు నిమిషాలు ముందొచ్చాను. జీవితంలో మొదటిసారి. రాసుకోండి."

"రాయను" అన్నాడు గడియారం గారు. "వేళకు వచ్చినవాడి గడి ఖాళీగా ఉంచాలి."

కార్డు గీశారు. ఆరు నెలల పెన్షనంత సొమ్ము పూచీకింద ఆగిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మంచం తెచ్చి సుద్ద గీతల్లో సరిగ్గా వేశారు. ఆయన తిప్పుడు చెయ్యి తిప్పి, తల వైపు లేపి, తనే పడుకుని చూశాడు. కిటికీలోంచి లాండ్రీ కనబడింది. ఇస్త్రీ బల్ల దగ్గర కొత్త పిల్ల ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

శనివారం డాక్టరు ఆయన్ని వరండాలోకి పిలిచాడు. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. జ్వరం తగ్గడం లేదు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఆవిడ అదే అడుగుతోంది" అన్నాడు. రెండు వారాల కిందట ఇదే డాక్టరు, మంచం లేకుండా పంపనని అన్నాడు. ఇప్పుడు మంచం సంగతి అడగలేదు.

ఆ సాయంత్రం ఆమెను ఇంటికి తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టి, ఆయన మెల్లగా మంచం తిప్పుడు చెయ్యి తిప్పాడు. ఆమె తల కిటికీ ఎత్తుకు వచ్చింది.

"చాలు. ఇంకా లేపితే లాండ్రీలో పడతాను" అంది.

ఆదివారం కాసేపు మాట్లాడింది. కొత్త పిల్ల చొక్కా కాల్చడం చూసి, "అదిగో, అనలేదూ!" అని కళ్ళతో నవ్వింది. సోమవారం ఎక్కువగా నిద్రపోయింది. మంగళవారం పొద్దున తొమ్మిది దాటి ఆరు నిమిషాలకు ఊపిరి ఆగింది. ఆ సమయం ఆయనకు తెలియడానికి కారణం, వాచీ చూసుకోవడం అలవాటు కావడమే.

జరగాల్సినవి జరిగాయి. బెంచీవాళ్ళు వచ్చారు. బ్యాంకు అమ్మాయి ఎలా తెలుసుకుందో, వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళిపోయింది. లేటు నాలుగు రోజులూ షాపు తెరవలేదు.

శనివారం అద్దె షాపు మనుషులు మంచం విప్పి తీసుకెళ్ళారు. నేల మీద సుద్ద గీతలు మిగిలాయి. గడియారం గారు వాళ్ళ వెనకే షాపుకు నడిచాడు. షాపాయన ఒక ఫారం ముందుకు తోశాడు. నెలకు తక్కువ అద్దె ఉండదనీ, అయినా వాడిన రోజులు రాయాలనీ చెప్పాడు.

గడియారం గారు కలం పట్టుకుని ఆలోచించాడు. బ్యాంకుకు వెళ్ళిన మర్నాడే లేటు దగ్గరకు వెళ్ళుంటే ఎన్ని రోజులయ్యేవో లెక్క కట్టడం ఆయనకు కష్టం కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసింది ఆ లెక్కే. అప్పటికి ఆమెకు దగ్గు కూడా లేదు. కట్టిన అంకెను ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫారంలో 3 అని రాసి, సంతకం పెట్టాడు.

లేటు కార్డు మీద ఆగిన సొమ్ము వెనక్కు రావడానికి వారం పడుతుందన్నారు. వచ్చిందా అని అడగడానికి ఆయన రోజూ తొమ్మిదిన్నరకు ఫ్యాన్ల షాపుకు వెళ్ళాడు. ఐదో రోజు వచ్చింది. ఆరో రోజు కూడా తొమ్మిదిన్నరకే వెళ్ళాడు. లేటు ఏమీ అడగకుండా స్టూలు తుడిచి ముందుకు లాగాడు.